పదిహేడు మీటర్లు

పలమనేరులో టమోటా ఎత్తుకొని
మద్రాసుకు దిగతా వుండినాను.
మొగిలి ఘాట్‌లో, రాత్రి రెండున్నరకి,
అప్పుడే రాలిన నాలుగు చినుకులు
ఎండాకాలమంతా రోడ్డు తాగిన ఆయిలును
మళ్లీ పైకి కక్కించినాయి.

మలుపులో ట్రాక్టరు.
ఎనక లైటు లేదు, ఎర్రగుడ్డ పేలికైనా లేదు.
చెరకు గడలు మాత్రం నా మొహం మీదికి చాచుకొని వుండాయి.

కన్ను చూసింది.
కాలికి చెప్పాల.
ఆ రెండిటి నడుమ ఎంత దూరముందో
నాకు ఆ పొద్దు దాకా తెలీదు.

లైసెన్సు రెన్యువలుకు చిత్తూరు పోయినప్పుడు
ఒక సారు బోర్డు మీద గీత గీసి చెప్పినాడు:
అరవైలో పోతే సెకనుకు పదిహేడు మీటర్లు,
అదీ నువ్వింకా బ్రేకు తొక్కకముందే.
నేను ఆవలించినాను.
టీకి ఎప్పుడు వదుల్తారా అని
వాకిలి పక్క చూస్తా కూర్చున్నాను.

ఇప్పుడా పదిహేడు మీటర్లలో చూస్తే
ఒకరి మీద ఒకరు కూర్చోనుండారు.
మూడు రాత్రిళ్ల నిద్ర, కాళ్లు బార్లా చాపుకొని.
దగ్గుకని తాగిన తియ్యటి మందు.
బాక్సు రేటు పడిపోయిందని ఫోను చేసిన మండీ మాణిక్యం,
ఆయనకు నేనింకా మనసులో చెప్తానే వున్న జవాబు.
రెండుసార్లు రబ్బరు అతికించిన టైర్లు.
"ఈ ట్రిప్పు కానీలే" అని నేనే వాయిదా వేసిన లైనర్లు.
ఎనకాల తొమ్మిది టన్నుల పండు,
నేను ఆగినా తాము ఆగేది లేదని.

ఎవురూ లేసి దారియ్యలా.
వాళ్ల మోకాళ్లు తొక్కుకుంటా
నా కుడికాలు పోయింది.

"మలుపులో బ్రేకెయ్యకూడదురా అబ్బయా,
మలుపు రాకముందే బుద్ధిలో ఎయ్యాల"
అనేవాడు మస్తాన్ ఉస్తాదు.
ఆయన మాటా ఆలస్యంగానే వచ్చింది.

బండి అరిచింది.
క్లీనరు మునిశేఖరు నిద్దట్లోనే
రెండు చేతులూ ముందుకు ఆనించినాడు.
చెరకాకులు అద్దాన్ని ఒక్కసారి తుడిచి
వదిలేసినాయి.

ట్రాక్టరాయన తిరిగి చూడలా.
చెవుల మీదుగా తువ్వాలు కట్టుకొని
బీడీ ఎర్రగా ఒకసారి పీల్చి
మలుపు తిరిగిపోయినాడు.
అయ్యుంటే, ఆయన బండికి వున్న లైటు అదొక్కటే.

బంగారుపాళెం టీ బంకు కాడ
ఫోను మోగింది. మాణిక్యం.
మోగనిచ్చినాను.
గ్లాసు పట్టుకుంటే చెయ్యి నిలకడగానే వుంది.
కుడికాలే, బెంచీ కింద,
వణకతా వుంది.

కన్ను పంపిన కబురు
దానికి పూర్తిగా అప్పుడు చేరినట్టుంది.