ఉప్పుకొండ, నాలుగో భాగం

వేళచ్చేరిలో మా అద్దె పుస్తకాల కొట్లోకి
ఆ కార్తీకంలో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.
వంటల పుస్తకాలు పోయినందుకు బెంగ లేదు.
కింది అరలో ఉప్పుకొండ నాలుగో భాగం
బన్ను రొట్టెలా ఉబ్బిపోయింది.
మిద్దె మీద తీగకేసి ఆరబెట్టాను.
చివరి పన్నెండు పేజీలు మాత్రం
అతుక్కుపోయి ఒక్క అట్టముక్క అయ్యాయి.

కథ తెలుసుగా,
మిణుకు అనే పిల్ల
ఉప్పుతో చేసిన గుర్రమెక్కి వానలదేశం దాటాలి.
మొదటి చినుకు దాని చెవి మీద పడబోయే చోట
పుస్తకం ఆగిపోయింది.

ఆ చివర నేనూ చదవలేదు, ఒట్టు.
పిల్లలు ఊరుకుంటారా?
ఎళిలన్‌కి చెప్పాను, మిణుకు తాటాకు గొడుగు పట్టిందని.
"గొడుగా?" అని పెదవి విరిచి వెళ్లిపోయాడు.
మూడో అంతస్తు కవలలకు ఇంకోలా చెప్పాను:
గుర్రం కళ్లు మూసుకుంది,
గుర్రానికి వాన కనబడలేదు,
కనుక వానకీ గుర్రం కనబడలేదు.
వాళ్లు నమ్మారు. కళ్లు మూసుకునే మెట్లు దిగారు.

ఓజస్వి వచ్చినరోజు
కరెంటు లేదు, షట్టరు ఇరుక్కుంది, తలనొప్పి.
"కరిగిపోయింది" అనేశాను.
"ఎంతసేపట్లో?"
"ముందు చెవులు. తర్వాత జూలు."
"మిణుకు దిగిందా?"
"దిగలేదు."
మూడు వారాలు ఆ పిల్ల ఇటు రాలేదు.

సంక్షిప్తంగా చెప్పాలంటే, ఐదో భాగం వచ్చింది.
విజయవాడ పార్సెలు, కొత్త జిగురు వాసన.
మొదటి పేజీలోనే గుర్రం గడ్డి మేస్తోంది,
చెవులు రెండూ ఉన్నాయి.
వాన ఎలా దాటిందో ఒక్క ముక్క లేదు,
అందరికీ తెలిసిందే అన్నట్టు.

ఓజస్వి ఫ్యాను కింద నిలబడే
రెండు అధ్యాయాలు చదివి మూసేసింది.
"ఇది వేరే గుర్రం ఆంటీ."
"అదేనమ్మా, పేరు చూడు."
"పేరు పెట్టేస్తే అయిపోతుందా? మనది కరిగింది కదా."
బల్లమీద ఐదు రూపాయల బిళ్ల పెట్టి
చివర లేని నాలుగో భాగమే పట్టుకెళ్లింది.

సోమవారం తిరిగి ఇస్తూ,
ఎవరైనా వింటారేమోనని వెనక్కి చూసి, అంది:
"అతుక్కున్న పేజీల్ని నాకి చూశాను.
ఉప్పగానే ఉంది."

రాత్రి షట్టరు దించాక
లెక్కల పుస్తకం తీశాను.
నష్టం అన్న గడిలో
నేనే రాసుకున్న తడిసినది కొట్టేసి
ఉప్పు అని రాశాను.