ఏడు దినాల తడి

ఆనేకల్ తాలూకా ఆస్పత్రిలో
రక్తకణాలు లెక్కపెట్టే మిషన్ మూలపడి పన్నెండు రోజులు.
మందు రావాలంటారు, టెండరు అంటారు.
నేను పాత మైక్రోస్కోపు తుడుచుకుని
గాజుపలక మీది గళ్ళలోకి దిగుతాను.
బారాకట్ట గీసినట్టుంటాయి ఆ గళ్ళు.
వాటిలో నూకలకన్నా చిన్నవి,
కాస్త మెరిసి మాయమయ్యేవి,
పెదాలు కదపకుండా లెక్కపెట్టాలి.
మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్ళీ మొదటి నుంచి.

మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు.

మంచానికి ఇద్దరు. ఒకరి తల అటు, ఒకరి తల ఇటు.
దోమతెరల్ని సెలైన్ స్టాండ్లకు
బ్యాండేజీ గుడ్డతో కట్టింది సిస్టర్ జయశీల.
మంచం మంచానికీ కింద గీతలు గీసిన సీసా.
ఎంత తాగారు, ఎంత పోశారు:
ఈ నెలంతా మా వార్డులో అదే జాతకం.

ఎర్రిస్వామిది పదకొండో మంచం, కాళ్ళవైపు.
కదిరి అవతల ఊరు.
చందాపుర దాటాక లేస్తున్న టవర్లలో పని.
చేతికి బీపీ పట్టీ బిగించి వదిలితే
మోచేతి మడతలో ఆవాలు చల్లినట్టు ఎర్రటి చుక్కలు.
డాక్టరమ్మ కన్నడంలో అడుగుతుంది,
నేను తెలుగు చేస్తాను.
అతని భార్య గంగులమ్మ నన్నే అడుగుతుంది:
"ప్లేట్లు తగ్గిపొయినాయంట గదమ్మా?
మా షెడ్డులో ఉండేటివే మూడు."
నవ్వాలో లేదో తెలియక నవ్వాను.
ఆమె నవ్వలేదు.
పరంగాకు రసం గ్లాసు కొంగు చాటున పెట్టుకుంది
సిస్టర్ కంటపడకుండా.

నలభై ఒక్క వేలు. ఇరవై ఎనిమిది.
ఐదో రోజు ఒళ్ళు చల్లబడింది.
గంగులమ్మ నుదురు తాకి చూసి,
ఇంక పంపేయండి, కూలి పోతాంది అంది.
అప్పుడు డాక్టరమ్మ అనే మాట ఒకటుంది,
దాన్ని తెలుగు చేయడమే నాకు కష్టం:
జ్వరం దిగింది కాబట్టే ఇప్పుడు భయపడాలి.

ఎవరూ నమ్మరు. నేనైనా నమ్మేదాన్ని కాదు,
నాలుగో మంచం పిల్లను చూసి ఉండకపోతే.
తొమ్మిదో తరగతి. ఒళ్ళు చల్లబడ్డ సాయంత్రం
లేచి కూర్చుని జడ వేయించుకుంది.
రాత్రి రెండింటికి అంబులెన్సు.
ఆ పిల్ల చివరి రిపోర్టు
ఇంకా నా ట్రేలోనే ఉంది.
తీసుకోవడానికి ఎవరూ రాలేదు.

ఆ రాత్రి ఎర్రిస్వామికి పంతొమ్మిది వేలు.
రెండుసార్లు లెక్కపెట్టాను. మూడోసారి
ఇంకా తక్కువ వస్తుందేమోనని పెట్టలేదు.
గంటగంటకూ నాడి, గంటగంటకూ సీసా.
తెల్లారేదాకా జయశీల కుర్చీ ఖాళీ.
చుక్క చుక్కా లెక్కగట్టి ఎక్కించింది.
తక్కువైతే నాడి జారుతుంది,
ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది నీరు.

ముప్పై. యాభై రెండు.
"ఆకలేస్తాంది" అన్నాడు.
తెలుగు రాని జయశీల అప్పటికే ఇడ్లీకి పంపింది.

డిశ్చార్జి నాడు గోడమీది బొమ్మ చూపించి
నీళ్ళు నిలవనివ్వొద్దని పాఠం చెప్పాను.
విన్నాడు.
"నా పనే అది మేడం, నీళ్ళు నిలబెట్టేది.
స్లాబు పోసినాక చుట్టూ మట్టిగట్టు కట్టి
నీళ్ళు పట్టాల. ఏడు దినాలు తడి ఆరగూడదు.
ఆరితే పగులుతాది.
పగిలితే మేస్త్రీ కూలి కోస్తాడు."

ఏడు దినాలు.
గుడ్డు రెక్కలు తొడుక్కోవడానికీ దాదాపు అంతే.
ఇది మాత్రం నేను ఎవరికీ తెలుగు చేయలేదు.

పోతూ పోతూ ల్యాబు వెనక
ఏసీ నీళ్ళు కారే బకెట్టు దగ్గర ఆగాడు.
నీళ్ళను చూడటం తెలిసిన మనిషి. వంగాడు.
"ఈడగూడా ఉండాయి మేడం."
తలకిందులుగా వేలాడుతున్నవి
అతని నీడ పడగానే మెలికలు తిరిగి అడుక్కి పోయాయి.
పన్నెండు రోజులుగా కంటికి అద్దం పెట్టుకుని
కనపడనివాటిని వెతుకుతున్నాను,
కిటికీ అవతల ఇవి.

సూది తీసిన చోట దూది ఇంకా అంటుకునే ఉంది.
ఆ చేత్తోనే బకెట్టు ఎత్తి
ఎండలో సిమెంటు మీద పారబోశాడు. బోర్లించాడు.
వారం పడుకోమన్నాం.
లుంగీకి చేతులు తుడుచుకుని
గంగులమ్మ కన్నా ముందే నడిచాడు బస్సుకు,
మధ్యాహ్నం షిఫ్టు అందుకోవాలని.