చేను మధ్యలో గోడ

ఇవాళ నాకు ఒక కంచు రేకు ఇచ్చారు.
అరచేయంత. రెండు పలకలు, తీగతో కుట్టినవి.
లేఖరి చదివాడు, నేను నిలబడి విన్నాను.
ఇరవై అయిదేళ్ళు ఈ వానలో నానినందుకు
నేనిక రోము పౌరుణ్ణట.
పేరు ఏలియస్ అట.
ఆ ఇంటిపేరు గలాయన మా గడప తొక్కిందీ లేదు,
మా అమ్మ కాచిన కొర్ర అంబలి తాగిందీ లేదు.

అమ్మ నన్ను పిలిచింది రొలూజిస్ అని.
అదీ ఉంది రేకు మీద, చివర,
తోకలా, ఒక అక్షరం తప్పుతో.

"మరి నా కొడుకు?" అన్నాను.
లేఖరి వేలు రేకు మీద కిందికి జారి
అంచు దగ్గర ఆగింది.
"ముందు రాసేవాళ్ళం. ఇప్పుడు పిల్లల్ని కలపడం లేదు.
కావాలంటే వాడూ ఒక పాతికేళ్ళు..."
మాట పూర్తి చేయలేదు. మంచివాడే పాపం,
పంటినొప్పికి దవడ చుట్టూ గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

డాన్యూబు అవతల, దేవదారు కొండల్లోకి
నాకు నాలుగేళ్ళప్పుడు వచ్చారు వీళ్ళు.
మా నాన్నది వంపుకత్తి, లోపలి వైపు పదును.
రెండు చేతులా ఎత్తి దించితే
ఇనపటోపీలు పండిన దోసకాయల్లా విచ్చుకునేవట.
అందుకే టోపీల మీద అడ్డంగా పట్టీలు వేయించుకున్నారు.
ఆ పట్టీల టోపీయే
పంతొమ్మిదో ఏట నా నెత్తిన పెట్టారు.
మొదట బరువుగా ఉండేది.

ఇప్పుడా కత్తిని మా దళం పేరు పక్కన
రాతి మీద చెక్కించారు, ముచ్చటగా.
నా పిల్లాడు దాన్ని వేలితో తడిమి
"కొడవలా నాన్నా?" అన్నాడొకసారి.
అవున్రా అన్నాను.
ఏం కోసేవారో వాడు అడగలేదు.

మధ్యాహ్నం గోడ వాకిట్లో నా ఆఖరి కాపలా.
ఒక ముసలామె వచ్చింది, చంకలో బార్లీ విత్తనాల మూటతో.
కొలతగాళ్ళు తాడు లాగిననాడు
ఆమె చేను దున్ని ఉందట.
చాళ్ళ మీదే పునాది దించారు.
ఆ రాళ్ళు మోసిన భుజాల్లో నాదీ ఒకటి,
గుర్తుంది, మట్టి అప్పటికింకా మెత్తగానే ఉంది.
చాళ్ళు ఇటు గోడ కింద మునిగి
అటు వైపు తేలతాయి.
ఇల్లు ఇటు, సగం చేను అటు.
తన చేలోకి తాను పోవడానికి
మనిషికింత, మూటకింత.

"విప్పు" అన్నాను.
విప్పలేదు.
వాళ్ళ భాషలో గొణిగింది. నాకు తెలిసింది,
మా వెలోరిగ ఇంట్లో మాట్లాడేది ఆ భాషే.
"విత్తనాల మూట దారిలో విప్పితే
పంట దారిన పోతుంది" అంది.

మా అమ్మా అనేది ఈ మాట.
మా మాటల్లో.
విత్తనాన్ని మేం ఏమనేవాళ్ళం?
నాలుక కింద వెతికాను.
లాటిన్ మాట దొరికింది. ఈమె మాట దొరికింది.
పైన బురుజు మీద తోడేలు తల జెండా
గాలి మింగి ఊళ పెడుతోంది.
అది మా కొండల జెండాయే,
నాతో పాటే పట్టుకొచ్చారు.

పొమ్మన్నాను.
దండం పెట్టలేదు, దీవించలేదు.
మా కొట్టాం ముందు ఆగిన రోము బండిని
అమ్మ చూసిన చూపు చూసి
వంగి, వాకిలి దాటి, వాన్లోకి వెళ్ళింది.

సాయంత్రం సుంకం పెట్టె తెరుస్తారు.
నా సంచీలోంచి రెండు రాగి నాణేలు తీసి,
ఎవరూ చూడకుండా, అందులో వేశాను.
లెక్క సరిపోయింది.

ఇంటికి వస్తే
నా పాత టోపీ పెట్టుకుని పిల్లాడు
గుమ్మంలో కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు.
టోపీ కళ్ళ మీదికి జారింది, నన్ను చూడలేదు.
"ఎవరక్కడ? పేరు చెప్పు" అన్నాడు, లాటిన్‌లో.

వెలోరిగ లోపల్నించి నవ్వుతోంది.
నేను రేకు చేత్తో పట్టుకుని
కాసేపు వానలోనే నిలబడ్డాను.