ఐదో నంబరు

ఆఫీసోళ్లు ఇచ్చిన బూట్లు ఎనిమిదో నంబరు.
"ఇండెంటుల ఆడోళ్ల సైజు రాసే గడే లేదమ్మా"
అన్నడు స్టోర్‌కీపర్ రాజమల్లు,
రిజిస్టర్ల సంతకం పెట్టించుకుంట.
ముందట పాత లంగ గుడ్డ కుక్కిన,
మడిమ తట్టు దూది.
చింతపల్లి ఫీడరు, మూడో స్తంభం.
సగం ఎక్కిన్నో లేదో
బూటు జారి మడిల పడ్డది,
కాలు మాత్రం నాతోని పైకొచ్చింది.

కింద నిలబడ్డ రైతు నవ్వలే.
మూడురోజులాయె ఆయన నారు ఎండబట్టి.
బురదలకెల్లి బూటు తీసి, కండువతోని తుడిచి,
"దిగు బిడ్డా" అన్నడు,
"నారుదేముంది, మల్ల పోసుకుంట."

ఆదివారం దేవరకొండల బస్సెక్కి నల్లగొండ పోయిన.
క్లాక్‌టవర్ సెంటర్ల పదకొండు దుకాణాలు.
ఒకాయన పూల సాండిల్స్ తీసిండు.
ఒకాయన బడిపిల్లల నల్లబూట్లు.
బొటనవేలుతోని అడుగు నొక్కి చూసిన,
తడిసిన అప్పడం లెక్క వంగింది.
"గ్యారంటి?"
"ఆర్నెల్లు, నీళ్లల్ల తొక్కకుంటె."
నీళ్లల్ల తొక్కకుంట నాకు దినమెట్ల గడుస్తదన్నా,
నా ట్రాన్స్‌ఫార్మర్లన్నీ వరిమడుల నడుమనే ఆయె.

"ఎవరికమ్మా, మీ ఆయనకా?"
నాకే.
"ఏం పని?"
స్తంభాలెక్కే పని.
మొఖం చూసిండు, నమ్మలే.
కాళ్లు చూసిండు.
తుమ్మముల్లు ఇరిగి లోపలనే ఉన్న ఎడమ మడిమ,
పల్లేరుకాయలు నమిలిన అరికాలు,
"నీ పాదం మీద అగ్గిపుల్ల గీస్తె అంటుకుంటదే"
అని మా మేనమామ ఎక్కిరిచ్చిన కాలు.
"కూసో అక్కా" అని స్టూలు జరిపిండు.
దొరకలే. కాని కూసున్న, చాయ్ తాగిన.

దేవరకొండ బస్టాండు ఎనక, గొడుగు కింద
ముత్తిలింగం తాత.
ఎనిమిదో నంబరు బూటు చెవి దగ్గర పెట్టుకొని
పుచ్చకాయ కొట్టి చూసినట్టు కొట్టిండు.
"తోలు మంచిదే బిడ్డా. కొలతనే నీది గాదు."
కిందికెల్లి మీదిదాక ఇప్పి పరిచిండు,
చేపను కోసినట్టు.

పాత పేపరు మీద నిలబెట్టి
పాదం చుట్టూ పెన్సిలు తిప్పిండు.
ముప్పై ఒక్కేండ్లు వచ్చినంక తెలిసింది నాకు,
నా ఎడమకాలు కుడికన్న పొడుగని.

అడుగుకు లారీ టైరు తీసిండు.
వద్దన్న. అండ్ల తీగ ఉంటది తాతా.
సబ్‌స్టేషన్ల ప్యానెల్ ముందట పరిచే రబ్బరు మ్యాటు,
చినిగిందని అవుతల పారేసిన ముక్క
చంకల పెట్టుకొని పోయిన.
మొల కొట్టద్దన్న.
"ఒక్కటి గూడనా?"
ఒక్కటి గూడ.
మొల లేని బూటు ఈ చేతుల మీద పోలేదని
దినమంత గొణుక్కుంట కుట్టిండు.
మైనం పట్టిచ్చిన దారం,
గుంజినప్పుడల్ల ఆయన కింది పెదవి గూడ గుంజుకుంటది.
"మిరుగు దాటినంక పట్కరా, కుట్లు చూస్త.
నీ భరోస మాత్రం దీని మీద పెట్టకు."
పెట్ట. ముందు లైన్ క్లియర్, తర్వాత ఎర్త్ రాడ్డు,
ఆ తర్వాతనే నువ్వు తాతా.

చింతపల్లి ఫీడరు, అదే స్తంభం.
ఈసారి ఇద్దరం పైకొచ్చినం,
నేనూ బూటూ.
మీదికెల్లి చూస్తె ఆ రైతు
రెండోసారి పోసిన నారు,
చిలుక రెక్క ఆరేసినట్టు.
చెయ్యి ఊపిండు. నేను ఊపలే,
చేతుల కటింగ్ ప్లేయర్ ఉండె.

వచ్చేనెల ఇంకో పిల్ల చేరుతదంట, డిండి దిక్కుది.
నాలుగో నంబరంట.
ఇండెంటు కాయితం తీసుకొని
గడి లేని కాడ
పేపరు మీది నా రెండు పాదాలు కత్తిరిచ్చి అంటబెట్టిన,
ఎడమది జరంత పొడుగు అని కింద రాసి.
ఇంక జవాబు రాలే.
రిజిస్టర్ల మాత్రం నా సంతకం పక్కన
ఇయ్యాలటికీ ఎనిమిదే.