రెండో ముద్ద తర్వాత

ఇరవై ఏడేండ్లు ఘాట్ బస్సులో నిలబడే బతికినా.
ఏ మలుపుకి నడుము ఏ పక్క వాల్చాలో
కండ్లు మూసుకున్నా పాదాలకి తెలిసేది.
పోయిన బ్రహ్మోత్సవాల రద్దీలో
చెప్పు జారిపోయి ట్రిప్పున్నర తిరిగినా,
ఆ సంగతి నాకు చెప్పింది
తులసి బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ముసలామె:
"నాయనా, నీ ఎడం కాలి చెప్పేదీ?"

పాదం నాదే.
కబురే రాలేదు.

నరాల డాక్టరు చిన్న సుత్తితో మోకాలు తట్టి
చక్కెర కాగితం రెండుసార్లు చదివినాడు.
"ముందు ఇది దించు. చేపనూనె కావాలంటే వాడి చూడు.
కొందరు మేలంటారు, కొందరు ఏమీ లేదంటారు.
నేనైతే మాటివ్వను."
మాటివ్వని మనిషి నాకు నచ్చినాడు.

యతిరాజులు అంగట్లో సీసా ఎత్తి ట్యూబ్‌లైటుకి పట్టినాడు.
తేనె రంగు గోళీలు, ఒకదాని మీద ఒకటి.
నేను సముద్రం చూసింది ఒక్కసారే, మద్రాసులో,
అదీ బస్సు కిటికీలోంచి.

మొదటి దినం పరగడుపున మింగి
నాలుగున్నర బస్సెక్కినా.
అలిపిరిలో అందరి సంచులూ తడిమినారు.
కడుపు ఎవురూ తడమలేదు.
మూడో మలుపులో వచ్చింది తేపు,
చేపల సంత సంతంతా గొంతులోకి.
గోవింద నామం సగంలో ఆగిపోయింది.
ముందు సీటు అమ్మణ్ణి కొంగు ముక్కుకి పెట్టుకుని
కిందికి చూసింది, పక్కకి చూసింది,
చివరికి నన్ను చూసింది.
టికెట్ల మిషను ఊరికే నొక్కతా నిలబడినా.
అద్దంలోంచి డ్రైవరు చెంగల్రాయుడు:
"మొదటి అవతారమే గదన్నా, ఎవురేమంటారు!"

కడుపు మాత్రం ఊరుకోలేదు.
కొండ మలుపుల్లో బస్సు ఆపేదానికి చోటుంటుందా?
ఆ వారం దేవసేన నా టిఫిన్ డబ్బాలో
పెరుగన్నం తప్ప ఇంకేం పెట్టలేదు.

తర్వాత చిగుళ్ళు.
ఉమ్మితే తెల్లటి నురుగులో ఎర్రటి దారం.
డాక్టరు ఈసారి గొంతు పెంచినాడు:
"గుండెకని రక్తం పల్చబడే మాత్ర మింగతా ఉన్నావని
ముందే చెప్పొద్దా?"
రెండు గోళీలు ఒకటైనాయి.
పొద్దునది రాత్రికి మారింది.
ఒట్టి కడుపున వద్దు, సంగటి రెండో ముద్ద తర్వాత,
సీసా ఫ్రిజ్‌లో, ఊరిబిండి గిన్నె వెనక.
తేపు తగ్గింది. పూర్తిగా పోలేదు,
మాట వినే పిల్లోడి మాదిరి
ఇంటికొచ్చినాకే అల్లరి.

ఇంతలో పెరటాశి నెల.
గిన్నెలన్నీ తోమి బోర్లించి
దేవసేన ఫ్రిజ్ ముందర చానాసేపు నిలబడింది.
సీసా తీసి స్కూటరు డిక్కీలో పెట్టింది.
"ఇంట్లో లేదు. నీ కడుపులో ఉంటే
అది నువ్వూ ఆయనా చూసుకోండి."
తిరుపతి ఎండకి పన్నెండు దినాల్లో నూనె ముక్కింది.
మూత తీస్తే స్కూటరే ఈదతాదేమో అన్నంత కంపు.
తొమ్మిది నూర్ల రూపాయలు చెత్తబండిలో.
మళ్ళీ యతిరాజులు, మళ్ళీ ట్యూబ్‌లైటు.

పనిచేస్తా ఉండాదా అని అందరూ అడగతారు.
చక్కెర రొంత దిగింది. నడక పెరిగింది.
దేనివల్ల ఏది, ఎవురు తూకం వేస్తారు?

మాకొక పరీక్ష ఉండాది.
పడుకునే ముందు దేవసేన చీపురుపుల్ల ఒకటి తుంచి
నా అరికాల్లో అక్షరం రాస్తాది.
నేను పైకి, ఫ్యాను వైపు చూస్తా ఉండాల.
మొదట్లో గోడ మీద రాసినట్టే.
మొన్న 'మ' చెప్పినా, అది 'య' అంట.
దగ్గరే, అనింది.

నిన్న రాత్రి చానాసేపు ఎదురుచూసి
"ఆఁ, వచ్చింది, తెలిసింది" అన్నా.
మంచం చివర గాజుల చప్పుడు.
పుల్ల ఇంకా తుంచతానే ఉంది ఆమె.

టప్పుమని విరిగింది.

"ఏ అక్షరం?" అనింది, మెల్లిగా.