సందు వైపు కొమ్మలు

వగియెమ్ గుమ్మం ముందు క్రోటన్ నాటిన రోజున
మొదట నోరు పారేసుకున్నది నేనే.
"సమాధుల దగ్గర ఉండేదాన్ని
ఇంటి ముందుకు తెస్తావేమే?" అన్నాను.
మా అత్త బతికున్నన్నాళ్ళూ అదే మాట:
పూరింగ్ ఆకు గలగలమంటే
ఎవరో లెక్క చూసుకుంటున్నారని.

పూరింగ్ అనే అంటాం మేం. జావాలో పుట్టినవాళ్ళకి
ఆ మొక్క ఎక్కడ ఉంటుందో చెప్పనక్కర్లేదు.

వగియెమ్ మొగుడు తుకిమన్ గోతులు తవ్వేవాడు.
ముప్ఫై ఏళ్ళు ఊరందరికీ మట్టిపక్క పరిచి,
తన వంతొచ్చినప్పుడు
ఎవరో కుర్రాడు తవ్విన గోతిలో
కాస్త వంకరగా పడుకున్నాడు.
నలభయ్యోనాటి ప్రార్థన అయ్యాక
ఆమె అక్కణ్ణుంచే ఒక కొమ్మ తెచ్చుకుంది,
భుజం గుడ్డలో చుట్టి,
చంటిపిల్లను మోసినట్టు.

ఏం చేసిందని దానికి?
పాలు కారే కోతని కాసేపు ఆరనిచ్చింది,
పొయ్యిలో బూడిద అద్ది గుచ్చింది.
ఎరువు లేదు, పందిరి లేదు,
బట్టలుతికిన నీళ్ళు అటు పారితే పారినట్టు.
మేక ఒకసారి వచ్చి వాసన చూసి
తుమ్మి వెళ్ళిపోయింది.

నేనేమో కొండమీది నర్సరీ నుంచి
ఆటోకి డబ్బులిచ్చి మరీ గులాబీలు తెచ్చాను.
పొద్దున నీళ్ళు, సాయంత్రం మందు,
మధ్యాహ్నం గొడుగు.
వాటి ముందు పీట వేసుక్కూచుని
జ్వరమొచ్చిన పిల్లల్ని చూసినట్టు చూసేదాన్ని.

దాని ఆకు పుట్టడం పచ్చగానే పుడుతుంది.
ఏడాది తిరిగేసరికి ఈనెల వెంట పసుపు పాకుతుంది,
ఆపైన మిరపపండు,
ముసలైపోయాక నేరేడు.
మనకి తల నెరుస్తుంది.
దానికి రంగు ముదురుతుంది.
ఒప్పుకోబుద్ధి కాక
కిటికీ తలుపు సగమే తెరిచి చూసేదాన్ని.

ఆ ఏడు మెరాపి కక్కింది.
తెల్లారి లేచేసరికి పెంకులు, బావి గట్టు, కోళ్ళు,
పెరట్లో మరిచిపోయిన చొక్కా
అన్నీ ఒకటే రంగు.
నా గులాబీలు తలలు వేలేశాయి, మళ్ళీ ఎత్తలేదు.
వగియెమ్ మూతికి గుడ్డ కట్టుకుని బయటికొచ్చింది.
మొక్క ముందు నిలబడి
బొటనవేలు తడి చేసుకుని
ఒక్క ఆకు మీద రుద్దింది.

బూడిద ఊళ్ళో
ఒక్క ఎర్రటి వేలిముద్ర.

ఆ రాత్రే వెళ్ళాను.
యాభై ఏడేళ్ళదాన్ని, చెప్పులు చేత్తో పట్టుకుని,
ఉల్లిపాయలు తరిగే చాకు తీసుకుని.
కుక్క నన్ను గుర్తుపట్టి తోకాడించింది,
అదింకా సిగ్గనిపించింది.
జానెడు కొమ్మ. టప్‌మంది.
పాలు చుక్క నా జాకెట్టు మీద పడింది.
ఎన్ని సబ్బులు అరగదీసినా
ఆ గోధుమరంగు మరక ఇప్పటికీ పోలేదు.

శుక్రవారం ఎవరింట్లోనో పెళ్ళి వంటకి
ఇద్దరం పక్కపక్కనే కొబ్బరి తురుముతున్నాం.
ఆమె కళ్ళు మరక మీద ఆగాయి.
చిప్ప తిప్పుకుంది. ఇంకో చిప్ప తీసుకుంది.
"నీడలో పెట్టకు," అంది.
"నీడలో బతుకుతుంది గానీ
పచ్చగానే ఉండిపోతుంది."

అంతే. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు.

నాది ఇప్పుడు బావి పక్కన నడుమెత్తు పెరిగింది.
పోస్ట్‌మాన్ ఇంటి ముందు ఒకటుంది,
బడిపంతులు నిన్‌గ్రుమ్ గారి గోడకి రెండు,
ఎవరూ ఎవర్నీ అడిగి తెచ్చుకున్నవి కావు.
గాలి వీస్తే సందంతా గలగలమంటుంది.
మా అత్త ఉంటే ఏమనేదో.

వగియెమ్‌కి చూపు తగ్గింది.
అయినా వానలకి ముందు కత్తెర పట్టుకుని
చేత్తో తడుముకుంటూ మొక్కని సరిచేస్తుంది.
ఇంటి వైపు గుండ్రంగా, పొందిగ్గా.
సందు వైపు మాత్రం
దారిన పోయేవాళ్ళ చేతికందేంత ఎత్తులో
నాలుగు కొమ్మలు
కావాలనే వదిలేస్తుంది.