గోడ మీది మొగిలప్ప

రోడ్డు వెడల్పు చేస్తామని జేసీబీ వచ్చి
చిత్తూరు బెల్లం మండీ పక్క గోడను పడగొడతా ఉంటే
పెళ్లలు పెళ్లలుగా రాలింది నా చేతిరాత.
సున్నం కింద నీలం, నీలం కింద మళ్లీ సున్నం,
ఎర్రగడ్డ పొరల మాదిరి
ఏడు ఎన్నికలు. ఒకటే పేరు.

అట్టడుగు పొర డెబ్బై ఎనిమిది.
ఇండిపెండెంటు, నిచ్చెన గుర్తు.
రంగుకు దుడ్లు లేక నీలిమందులో జిగురు కలిపి రాసినా.
మూడో స్థానం, 4,118 ఓట్లు.
లెక్కింపు కాడ ఆ అంకెను అరచేతిలో పెన్నుతో రాసుకొని
రెండు దినాలు ఆ చెయ్యి కడగలేదు మొగిలప్ప,
ఎడం చేత్తో సంగటి తిన్నాడు.

ఎనభై మూడులో గెలిచినాడు.
ఎనభై ఐదులో మళ్లీ గెలిచినాడు, ఈసారి రెండు వేల చిల్లరతో.
అప్పుడు గోడ కాడ స్కూటర్ ఆపి
"ఏకాంబరం, 'గి'కి గుడి కొంచెం వంగిందే" అనేవాడు.
వంగింది నిజమే. నిచ్చెన మీద నిలబడి రాస్తే వంగదా?

ఎనభై తొమ్మిది పొర పలచన.
అరవై ఒక్క ఓట్లతో పోయింది.
137వ బూతు, ఈడిగపల్లె, 212 ఓట్లు,
పొద్దుగూకే దాకా ఒక్కరూ రాలేదు.
బోరు వేయిస్తానని రెండు సార్లు చెప్పిన ఊరు అది.
మళ్లీ లెక్కించమని అడగమంటే
"నీళ్లడిగినోళ్లే ఊరుకున్నారు, నేనేమని అడిగేది" అన్నాడంట.
అన్నాడో లేదో. మండీలో బెల్లం దిమ్మెల మీద కూర్చొని
చెప్పుకున్న మాట, నేను వినింది కాదు.

తొంభై నాలుగు పొర మందం.
డబ్బా రంగు, రెండు కోటింగులు, పద్దెనిమిది వేల మెజారిటీ.
ఈడిగపల్లెలో బోరు పడింది,
మోటారులో బావమరిదికి కమీషనూ పడింది.
ఆ బావమరిది గ్రానైటు లారీలను
రాత్రి పూట ఆపిన కానిస్టేబులు పలమనేరు దాటి ఎక్కడికో పోయినాడు.
ఐదేళ్లలో అసెంబ్లీలో అడిగిన ప్రశ్నలు మూడు.
ఒకటి చెరకు బకాయిలు. ఒకటి బస్సు.
మూడోది నాకు గుర్తు లేదు, ఆయనకూ ఉండదు.
కారు అద్దాలు ఎత్తుకొని పొయ్యేవాడు.
గోడ చూసేవాడు కాదు.

తొంభై తొమ్మిది గురించి ఏముంది, ఓడినాడు.

రెండు వేల నాలుగులో పార్టీ టిక్కెట్టు లేదు,
మళ్లీ ఇండిపెండెంటు.
నిచ్చెన ఇంకెవరికో పోయింది, కుట్టుమిషను ఇచ్చినారు.
1,906 ఓట్లు. డిపాజిట్టు కూడా రాలేదు.
నాలుగో దినం మోపెడ్ మీద మా ఇంటికొచ్చి
అట్ట చినిగిన నోటుబుక్కు తీసి
"ఎనభై తొమ్మిది, ఏకాంబరం, 340 రూపాయలు బాకీ" అని
లెక్క పెట్టి చేతిలో పెట్టినాడు.
నేనెప్పుడో మరిచిపోయిన బాకీ.
తలెత్తలేకపోయినా.
ఆ పంతొమ్మిది వందల ఆరులో నా ఓటు లేదు.
నా చేత్తో రాసిన పేరుకు నేనే వెయ్యలేదు.

పోతా పోతా ఇంటి బోర్డు రాసిమ్మన్నాడు.
పలక చిన్నది, 'మాజీ'కి చోటు చాలలేదు,
పైన మూలలో చీమంత రాసినా.
తడి ఆరకముందే గుడ్డతో తుడిపించినాడు.
"అన్ని అక్షరాలతో సమానంగా రాయబ్బా,
ఇన్నేళ్లు గోడల మీద పెద్దగా రాయించుకున్న నాకు
ఇది చిన్నగా ఉంటే నప్పదు" అన్నాడు.
పేరు కుదించి రాసినా.

దుమ్ములో నిలబడి చూస్తా ఉంటే
జేసీబీ పిల్లోడు కిందికి వంగి అడిగినాడు:
"ఎవురునా ఈ మొగిలప్ప?"
"ఎమ్మెల్యే."
"ఎన్నిసార్లు?"
"మూడు సార్లు గెలిచె, నాలుగు సార్లు ఓడె."
వాడు వేళ్ల మీద తీసేసుకొని చూసి
"అయితే ఒక్కటి ఓటమే మిగిలింది గదనా" అన్నాడు.

ఆ అడుగున ఉండే నీలిమందు పొరను
కొంచెం మెల్లగా కొట్టమని చెబుదామనుకున్నా.
వాడు అప్పటికే గేరు వేసినాడు.